మామ్మ రూపాయల దండకు నేను చేయించిన స్నానం

నా చేతుల మీదుగా చాలా నాశనాలు జరిగాయి. హాస్టల్లో ఉండగా వార్డెన్ గారి పట్టుచీర ఇస్త్రీ చేస్తానని తీసుకుని, కొంగుకు కిటికీ తెరిచాను. మా అక్క నిశ్చితార్థం కేకును స్కూటర్ వెనక కూర్చుని నిలువుగా పట్టుకొచ్చాను. అవన్నీ చిల్లర అరిష్టాలు. ఇప్పుడు చెప్పబోయేది అసలైనది. ఇందులో నన్ను దొంగ అన్నారు, ఒక రాజుగారికి గడ్డం పోయింది, ఎవరూ తిరిగి తేలేనిదొకటి నా చేతుల్లోంచే మురుగు కాలువలోకి జారిపోయింది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. ఎక్కడిదాకా నవ్వగలనో చూద్దాం.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది భీమిలి వైపు. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసు, ఆపైన ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. మొదటి పోస్టింగు హుకుంపేట దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక కొండ ఊళ్ళో ఆసుపత్రి. ఆసుపత్రి అంటే ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక మైక్రోస్కోపు, నేను. జ్వరమని వచ్చిన ప్రతివాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కను గాజు పలక మీద రాసి, మలేరియా ఉందో లేదో చూసి చెప్పడం నా పని. వానాకాలం వచ్చిందంటే ఎన్ని వేళ్ళు పొడిచేదాన్నంటే, చర్చిలో పక్కవాళ్ళు ప్రార్థనకు చేతులెత్తినా నా కళ్ళు ముందు వాళ్ళ ఉంగరం వేలి మీదకే పోయేవి.

సన్నమ్మ మామ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మామ్మకు డెబ్భై దాటి ఉంటాయి, ఎన్నని అడిగితే "సాలా ఉన్నాయి" అనేది. చూపు సగం పోయింది. కూతురు చిలకమ్మ ఆవిడతోనే ఉండేది. చిలకమ్మ నన్ను "మేడమ్" అనేది. మామ్మ మాత్రం ఉన్నన్నాళ్ళూ "గుంటా" అనే పిలిచింది, మా వైపు పిల్లా అన్నట్టు.

"ఒసే గుంటా, ఈ యేల ఎందరి రగతం తాగినావు?"

"ముప్పై మందిది మామ్మా."

"అయితే అన్నం తినవా ఏటి?"

మామ్మ మెడలో రూపాయల దండ ఉండేది. పాత వెండి రూపాయలు ఇరవై మూడు, ఒక్కోదానికి చిన్న కొక్కెం అతికించి, లావు నూలు తాడుకు గుచ్చినవి. కొన్నిటి మీద గడ్డం రాజు, కొన్నిటి మీద బోడితల రాజు, కొన్నిటి మీద కిరీటం రాజు. రాజులందరూ బొగ్గు గనిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టు నల్లగా ఉండేవారు. పొలంలోనూ, పొయ్యి దగ్గరా, నిద్రలోనూ ఆవిడ దాన్ని తీయగా నేను చూడలేదు.

ఇక్కడ నా జబ్బు గురించి చెప్పాలి. ఆ ఏడే నాకు పాత నాణేల పిచ్చి పట్టింది. ఒక ఆల్బమ్ కొన్నాను. అందులో రెండు చిల్లు కానీలు, నాలుగు అణాలు, ఇంకో ఎనిమిది నాణేలు ఉన్నాయి. నా మాటలు వింటే మాత్రం మ్యూజియం తాళాలు నా దగ్గరే ఉన్నాయనుకునేవారు. ఫోన్లో నాణేలు సేకరించేవాళ్ళ గ్రూపులో కూడా చేరాను. అందులో అందరూ పెద్దవాళ్ళు. రైల్వేలో పనిచేసి రిటైరైన మూర్తి గారు వాళ్ళలో గురువు లాంటివారు. ఆయన రోజూ పెట్టే జాగ్రత్తలు నేను చదివేదాన్ని కాదు. కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసు కదా, నాకెందుకు?

ఆ జూలైలో మామ్మకు జ్వరం వచ్చింది. మొదటి రోజు కషాయం తాగి పడుకుంది. రెండో రోజు పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నేనే వేలు పొడిచాను. మైక్రోస్కోపులో చూసినప్పుడు కాసేపు తల ఎత్తలేకపోయాను. రక్తకణాల నిండా సన్నటి ఉంగరాలు. చంపే రకం మలేరియా అది. డాక్టరు గారు పాడేరు పంపమన్నారు. అంబులెన్సు వచ్చింది. ఒంటి మీద వస్తువులేవీ ఉంచొద్దని అందులో వచ్చినతను చెప్పాడు. చిలకమ్మ తల్లితో వెళ్తోంది. ఇంట్లో మిగిలేది నేనే.

మామ్మ దండ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"దాయి. నానొస్తే నాకియ్యి. రాకపోతే నా మెడలో ఏసి అంపండి."

"అలా అనకు మామ్మా, వచ్చేస్తావు."

"నా రగతం సూసింది నువ్వే కదే. నీకు తెలీదా?"

అంబులెన్సు తలుపు వేశారు.

తర్వాత వారం రోజులూ పాడేరు నుంచి చిలకమ్మ ఫోన్ల మీదే బతికాను. మూడో రోజు మామ్మ మాట పడిపోయిందంది. నాలుగో రోజు మనుషుల్ని గుర్తు పట్టడం లేదంది. ఐదో రోజు ఫోనే రాలేదు. ఆ సాయంత్రం దండను ట్రంకుపెట్టెలోంచి తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూసుకున్నాను, అదొక్కటే మామ్మ గురించి నాకు చెప్పగలదన్నట్టు. ఆదివారం చర్చి అయ్యి, సిగ్నల్ కోసం బడి వెనక బండ ఎక్కేసరికి ఫోన్ మోగింది.

"మేడమ్, అమ్మ గంజి అడిగినాది."

అంతే. ఆనందం పట్టలేకపోయాను. చదువుకున్న మూర్ఖురాలికి ఆనందం వస్తే ఆగదు. కోతికి కొబ్బరికాయ దొరికితే పగలగొట్టి ఊరుకుంటుంది. బీఎస్సీ చదివిన కోతికి దొరికితే ముందు ఫార్ములా రాసుకుంటుంది. మామ్మ తిరిగొచ్చేసరికి ఆవిడ దండ తళతళలాడాలని నిర్ణయించుకున్నాను. ఎవరినీ అడగలేదు. సర్‌ప్రైజ్ అంటే అడక్కుండా చేసేదే కదా.

ఫోన్లో ఒకాయన చేతికి తొడుగులేసుకుని "నల్ల వెండి, పది నిమిషాల్లో కొత్త వెండి" అని చూపించిన పద్ధతి నాకు కంఠతా వచ్చు. విశాఖ నుంచి ఎవరో తెచ్చిన బిర్యానీ పొట్లం తాలూకు అల్యూమినియం కాగితం కడిగి దాచుకున్నాను. బేసిన్లో అది పరిచి, వేడినీళ్ళు, ఉప్పు, వంటసోడా వేశాను. తాడు కత్తిరించాను. అది నల్లగా, జిడ్డుగా ఉంటే పొయ్యిలో పడేశాను. రూపాయలన్నీ నీళ్ళలోకి దించాను. కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. రసాయన చర్య సవ్యంగా జరుగుతోందని గర్వపడ్డాను. పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోయింది. ఆ ఇంటి చుట్టుపక్కల ఆ రోజు బుద్ధి ఉన్న ప్రాణి అదొక్కటే.

అన్నిటికంటే మురికిగా ఉన్న రూపాయి ఒకటుంది. మసి, జిడ్డు, ఏదో పచ్చటి పొడి కలిసి పెచ్చులా కట్టి, రాజు ముఖమే కనబడటం లేదు. సోడాకు అది లొంగలేదు. దాన్ని చింతపండులో నానబెట్టి, వేళ్ళు పొడిచే సూదితో గీకి, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఆఖరికి అది కూడా తెల్లబడింది. ఇక ఊపు ఆగలేదు. పళ్ళపొడి తీసుకుని ఇరవై మూడింటినీ వరసగా తోమేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను తోమితే ఉన్న ముఖాలు పోయాయి. ఒక గడ్డం రాజుగారు ఆ సాయంత్రం నున్నగా గీయించుకుని పెళ్ళికొడుకులా బయటికొచ్చారు.

ఎర్రటి కొత్త దారానికి గుచ్చాను. బేసిన్లో నల్లనీళ్ళు ఇంటి వెనక కాలువలో పారబోశాను. కడగక ముందూ, కడిగాకా తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, మెచ్చుకోళ్ళ కోసం గ్రూపులో పెట్టాను. మా ఊళ్ళో ఫోన్ సిగ్నల్ ఒకే చోట ఉండేది, బడి వెనక ఎత్తు బండ మీద. అక్కడే నిలబడి పెట్టాను. రెండు నిమిషాల్లో మూర్తి గారే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఈ నాణేలు ఎవరివి?"

"మా ఇంటి మామ్మవండి."

"ఆవిడ ఉన్నారా?"

"ఆసుపత్రిలో ఉన్నారండి. గండం గడిచింది."

"సంతోషం. నాణేలకు గడవలేదమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆయన కోప్పడలేదు. చావు ఇంట్లో మాట్లాడినంత నెమ్మదిగా చెప్పారు. వెండి మీద నలుపు మురికి కాదట, అది దానికి పట్టిన వయసట. కింద లోహాన్ని కాపాడేది కూడా అదేనట. పళ్ళపొడి అంటే సన్నటి ఇసుకేనట. తోమిన నాణేనికి చర్మం ఒలిచినట్టేనట. నాణేన్ని అంచులు పట్టుకుని తీయాలి, కాగితం కవర్లో విడిగా పెట్టాలి, చెమ్మ తగలనివ్వకూడదు, గుడ్డతో తుడవను కూడా తుడవకూడదు.

"రోజూ గ్రూపులో పెడుతూనే ఉన్నాను కదమ్మా. చదవలేదా?"

"చదివానండి," అన్నాను. ఆ రోజు చేసిన పాపాల్లో చిన్నది అదే.

పెరుగుట విరుగుట కొరకే అన్న పెద్దలు, మెరుగుట కూడా అందుకేనని ఒక్క మాట కలిపి ఉంటే నేను బాగుపడేదాన్ని. అయినా ధైర్యం చెప్పుకున్నాను. మామ్మేమీ నాణేలు సేకరించే మనిషి కాదు. ఆవిడకు మెరుపే నచ్చుతుంది అనుకున్నాను.

మామ్మ నాలుగు రోజుల తర్వాత వచ్చింది. మనిషి సగమైంది. గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టాం. పరామర్శకు ఊళ్ళోవాళ్ళు పాతికమంది వచ్చారు. ఇంతకంటే మంచి సమయం ఏముంటుందని లోపలికి పరిగెత్తి, దండ తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాను.

మామ్మ తడిమింది. కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది. వాసన చూసింది.

"ఇదెవల్ది?"

"నీదే మామ్మా."

"నాది నల్లగుంటాది. ఇది పుదీనా కంపు కొడతంది. నాదేది?"

చిలకమ్మ దండ అందుకుని తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ అప్పుడప్పుడూ కలలో వస్తుంది.

"మేడమ్, అమ్మ బతకదనుకున్నారా?"

పాడేరు సంతలో ఇలాంటి తెల్ల బిళ్ళలు దొరుకుతాయని ఎవరో అన్నారు. దున్న ఈనిందంటే దూడను కట్టేయమనే రకాలు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. గంట గడవకముందే నేను అసలు వెండి భీమిలి పంపేసినట్టు, మా నాన్న దాంతో ఇంటికి రెండో అంతస్తు లేపుతున్నట్టు ఊరంతా తెలిసిపోయింది. మా నాన్నది పెంకుటిల్లు.

ఊరిపెద్ద గంగులు నెమ్మదస్తుడు. ఎవరినీ గదమాయించి ఎరగడు. ఆయనే అందరినీ కూర్చోబెట్టి అడిగాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్. మామ్మ దండ ఇదేనంటారా?"

"ఇదే. కడిగాను."

"ఎందుకు?"

ఈ ప్రశ్న మూడేళ్ళ బీఎస్సీలో ఒక్క పేపర్లో కూడా రాలేదు.

"మెరుస్తుందని."

"మరి పాత తాడేది?"

"పొయ్యిలో వేశాను."

"కడిగిన మసి?"

"కాలువలో పారబోశాను."

"అయితే ఇది అదేనని సెప్పడానికి మీ కాడ ఏటుంది?"

ఆలోచిస్తే, రుజువు అంతా నేనే తోమేశాను. దొంగలు కూడా ఇంత శుభ్రంగా పని చేయరు. హఠాత్తుగా ఫొటోలు గుర్తొచ్చి ఫోన్ తీశాను. "చూడండి, ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది."

గంగులు ఫోన్ను దూరంగా పెట్టి చూశాడు. "ఇది నల్లగుంది. అది తెల్లగుంది. రెండూ వేరని మీరే సూపిస్తన్నారు కదా."

"నాణేలు తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన్ని అడగండి," అన్నాను. సిగ్నల్ బండ మీదే ఉంటుంది కాబట్టి పంచాయితీ మొత్తం లేచి బండెక్కింది. మామ్మను కుర్చీతో సహా ఇద్దరు మోసుకొచ్చారు. చావు తప్పి వచ్చిన మనిషి నా మూలంగా అలా గాలిలో తేలుతూ వచ్చింది. మూర్తి గారికి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి, సంగతి చెప్పాను.

"చూడండి," అన్నారాయన, కోర్టులో సాక్షిలాగా. "నేను ఫొటోలు చూశాను. అన్నీ అసలు వెండి రూపాయలే."

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన అక్కడ ఆపి ఉంటే బాగుండేది. నిజాయితీపరులతో వచ్చే చిక్కే ఇది.

"కానీ ఆ అమ్మాయి తోముడికి ముఖాలు పోయాయి. ఇప్పుడు వీటికి విలువ లేదు. చూసినవాడెవడైనా వీటిని నకిలీ..."

సిగ్నల్ పోయింది. కొండల్లో సిగ్నల్‌కు సమయం చూసి పోవడం బాగా తెలుసు. బండ మీద పాతికమందికీ ఆఖరున వినబడిన మాట ఆ 'నకిలీ' ఒక్కటే.

చిలకమ్మ ఏడవడం మొదలుపెట్టింది. పోలీసుల దాకా వెళ్దామని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను ఏడుస్తూ ప్రభువును తలుచుకుంటూంటే మామ్మ కుర్చీలోంచి చెయ్యి చాపింది.

"ఇలగియ్యి. కళ్ళు మీవి పనికిరావు."

దండను ఒళ్ళో వేసుకుని, ఒక్కో రూపాయి అంచునూ బొటనవేలితో నిమరసాగింది. నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. పదో పదకొండో దాని దగ్గర వేలు ఆగింది.

"గాటు ఉంది," అంది. "సంతలో సావుకారు ఎండి అవునో కాదోనని ఉలెట్టి కొట్టినాడు. నా మొగుడు ఆడి మీదకి గొడ్డలెత్తినాడు. దండ నాదే. గుంట దొంగ కాదు."

గంగులు చేతులు జోడించి "తప్పయిపోనాది మేడమ్" అన్నాడు. చిలకమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఈ కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేదో. నేను ఇన్నేళ్ళుగా విందుల్లో, పెళ్ళిళ్ళలో నవ్వుతూ చెప్పేది ఇక్కడిదాకానే.

మామ్మ వేలు మాత్రం ఆగలేదు. చివరిదాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఆడిదేది?"

"ఎవరిది మామ్మా?"

"నా గుంటడిది."

చిలకమ్మ తల పక్కకు తిప్పుకుంది. తర్వాత తనే చెప్పింది. తనకంటే ముందు మామ్మకు ఒక కొడుకు. ఏడేళ్ళవాడు. ఇదే జ్వరం. అప్పటికి ఈ ఊరికి రోడ్డు లేదు. డోలీలో వేసుకుని కొండ దిగుతుంటే, మామ్మ వెనకే నడుస్తోందట. సగం దారిలో వాడి చెయ్యి డోలీ అంచు మీంచి జారిందట. పూడ్చేముందు నుదుటికి పసుపు రాసి, మీద వెండి రూపాయి పెట్టారు. మట్టి వేసేముందు మామ్మ ఆ రూపాయి తీసేసుకుంది. కొక్కెం వేయించేటప్పుడు కూడా ముఖం వైపు ముట్టుకోనివ్వలేదు. ఏనాడూ కడగలేదు. తలంటుకున్నా ఆ ఒక్కదాన్నీ గుప్పిట్లో మూసుకునేది.

"ఆడి నుదుటి పసుపుంది దాని మీద," అంది మామ్మ. "ముట్టుకుంటే గరుగ్గా తగిలీది. ఏదే గుంటా అది?"

ఆ రూపాయి నాకు బాగా గుర్తు. అన్నిటికంటే మురికిది. సూదితో గీకినది. మిగిలినవన్నీ ఒకసారే తోమాను, దాన్ని రెండుసార్లు తోమాను.

దండ చేతిలోకి తీసుకుని చూశాను. ఇరవై మూడూ ఒకేలా మెరుస్తున్నాయి. వాటిలో ఆ పిల్లవాడిది ఏదో నాకూ తెలియలేదు. పని అంత బాగా చేశాను.

"కడిగేశాను మామ్మా," అన్నాను. "ఏదో కూడా తెలియడం లేదు."

గంగులు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు మామ్మ కొడితే బాగుండుననిపించింది.

"ఏడవకు," అంది చివరికి. "మసి మల్లా పడతాది. ఆడి పసుపు పడదు, అంతే." దండ మెడలో వేసుకుంది. "ఇందులో ఏదో ఒకటి ఆడిదే కదా. అన్నీ ముట్టుకుంటే ఆడిదీ ముట్టినట్టే."

ఆ రోజు నుంచీ మామ్మ గుమ్మంలో కూర్చున్నప్పుడల్లా ఇరవై మూడింటినీ వరసగా నిమిరేది. అంతకుముందు ఒక్కదానితో అయిపోయే పని. నేను డ్యూటీకి వెళ్తూ చూసేదాన్ని, వచ్చేటప్పుడూ చూసేదాన్ని. ఒక్కనాడు కూడా నన్ను మాట అనలేదు. అన్నం తిన్నావా అనే అడిగేది. మామ్మ ఇంకో రెండు వానాకాలాలు చూసింది. మూడోది చూడలేదు. నేను బదిలీ మీద అరకు వచ్చేశాక పోయింది. కబురు తెలిసి వెళ్ళేసరికి దండ మెడలోనే ఉంది. అప్పటికి సగం నలుపెక్కింది.

కథలో కొంచెం ముందుకు పోయాను. వెనక్కి రావాలి, ఎందుకంటే నా శిక్ష ఇంకా పూర్తి కాలేదు.

బండ మీద పంచాయితీ జరిగిన మరుసటి వారం ల్యాబ్ ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. జ్వరాలు విజృంభించాయనుకుని సూదులు, గాజు పలకలు సిద్ధం చేశాను. మొదటామె వేలు చాపలేదు. కొంగులోంచి నల్లటి కంటె తీసింది. రెండో ఆమె దగ్గర కడియాలు. మూడో ఆమె దగ్గర దేవుడి గంట. మామ్మ దండ దూరం నుంచి చూసి ఊళ్ళో కోడళ్ళందరికీ మనసైందట.

"మాది కూడా అలగే తెల్లగ సేసీయండి మేడమ్, బేగి. సంతకెల్లాల."

చేతులు జోడించి అందరినీ పంపేశాను. ఒక కొత్త కోడలు మాత్రం కదల్లేదు. చేతిలో రూపాయల దండ, మామ్మదాని కంటే నల్లనిది.

"మీ అత్తగారిని అడిగావా అమ్మా?" అన్నాను.

"అత్త సచ్చిపోనాది మేడమ్. ఏడాదయినాది."

"అయితే అసలే ముట్టుకోను," అని తలుపేసుకున్నాను.

కాబట్టి ఇది చదివిన మీ అందరి సాక్షిగా, బైబిలు మీద కుడిచెయ్యి, మైక్రోస్కోపు మీద ఎడమచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ చేతులతో ఎవరి వేలైనా పొడుస్తాను, ఎవరి కఫమైనా మొహం చిట్లించకుండా పరీక్షిస్తాను. కానీ నాణెమన్నది ఎదురైతే అంచులు పట్టుకుని చూసి, నల్లది నల్లగానే ఎవరిది వాళ్ళకిచ్చేస్తాను. బతికుండగా దేన్నీ తోమను. పెళ్ళయ్యాక ఈ నియమం సంగతి మా ఆయనకు చెప్పి, మాట తప్పడం పాపమని వివరించాను. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో అంట్లు ఆయనే తోముతున్నారు.